పొట్టి పెట్టా, ఏడు గుడ్లూ

మధ్యాహ్నం మూడు గంటల వేళ ఆరిన బట్టలు తీసుకుని పెరట్లోంచి వస్తూ, అలవాటు కొద్దీ వసారా మూలకి చూశాను. పెట్ట నిలబడి ఉంది.

కోడి నిలబడితే ఏమైందని ఎవరైనా అడగవచ్చు. అది పొదుగుతున్న కోడి. ఏడు గుడ్లు వేసుకుని ఇరవయ్యో రోజులో ఉంది. ఆ రోజున ఇల్లు కూలినా కదలకూడదు. నన్ను చూస్తే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమనే కోడి, ఆ వేళ నా వంకైనా చూడకుండా ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని ముక్కుతో పొడుచుకుంటోంది. చేతిలో బట్టలు ఉన్నచోటే వదిలేశాను. ఏం జరిగిందో ఇంకా తెలియదు. ఏదో జరిగిందని మాత్రం తెలిసిపోయింది.

ఈ కోళ్ళు మా ఇంటికి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. మా వాడికి అయిదేళ్ళు. ఆ ఏడాది వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గాక పుల్లలా అయిపోయాడు. రోజుకో గుడ్డు పెట్టమన్నారు డాక్టరుగారు. యుద్ధం రోజులు. బజారులో గుడ్డు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అప్పుడే విశాఖపట్నంలో నాకు కాలేజీలో చదువు చెప్పిన దొరసాని ఒకావిడ తన దేశం వెళ్ళిపోతూ, పెంచుకుంటానంటే తన పొట్టి కోళ్ళు ఇస్తానని కబురు చేసింది. బాంటం కోళ్ళంటారు వీటిని. ఒక పుంజు, రెండు పెట్టలు, వాటితో పాటు ఒక పల్చటి ఇంగ్లీషు పుస్తకం. మా వారు రైల్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. దారి పొడుగునా పుంజు కూస్తూనే ఉందట. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళలో, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఈ మేష్టారు ఏం తీసుకెళ్తున్నాడో తొంగి చూడనివాళ్ళు లేరట.

మా వెనక వీధిలో ఒకావిడ ఉంది. రెండు గేదెలు, కాస్త చెరుకు తోట. పొద్దునా సాయంత్రం మాకు పాలు పోస్తుంది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది, నేను అప్పా అని పిలుస్తాను. బుట్ట మూత తీయగానే ఆవిడ అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"ఇదేటి మేస్టారమ్మా, కోడా పిచికా?"

నిజంగానే ఆ పుంజు నా జానెడు కంటే కాస్త ఎత్తు. అయినా దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చిన మూడో రోజున గోడ దూకి అప్పావాళ్ళ పెద్ద పుంజు మీదకి వెళ్ళింది. ఆ పెద్దది ఇదేమిటో అర్థం కాక వెనక్కి తగ్గింది. అప్పటినుంచి మా పెరడు, వాళ్ళ పెరడు, మధ్యలో సందు, మూడూ దీనివే. మొదటిసారి ఈ కోళ్ళు తెచ్చుకునేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. ఇవి మామూలు కోళ్ళలా నడవవు, పిట్టల్లా ఎగురుతాయి. ఒక రెక్కలో పెద్ద ఈకల కొసలు కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే సమానంగానే ఎగురుతాయి, ఒకటే కత్తిరిస్తే పక్కకి ఒరిగి దిగిపోతాయి. ఇది పుస్తకంలో ఉంది. పుస్తకం అన్నిట్లోనూ తప్పు కాదు.

గుడ్డు చిన్నది. నాటు కోడి గుడ్లు రెండు వేసే చోట ఇవి మూడు వేయాలి. కానీ ఇవి తినేది గుప్పెడు. కాసిని నూకలు, కాసిని చోళ్ళు, అంటే రాగులు, ఇంట్లో తరిగిన ఆకుకూర కాడలు, అంతే. మిగతాది పెరట్లో అవే ఏరుకుంటాయి. కాస్త బూడిద కుప్ప పోసి ఉంచితే అందులో పొర్లి పేలు పోగొట్టుకుంటాయి. రాత్రి మాత్రం గంప కింద మూసి పైన రాయి పెట్టాలి. మా సందులో ముంగిసలు ఉన్నాయి. నేను రాయి పెట్టాక కూడా రెండుసార్లు లేచి చూసి వచ్చేదాన్ని. మా వారు నవ్వేవారు. పిల్లలు ఊపిరి తీస్తున్నారో లేదో చూడటానికి ఎలాగూ లేస్తావు, దారిలో కోళ్ళని కూడా చూసి రా అనేవారు.

నా భయాల సంగతి ఇక్కడ దాచి లాభం లేదు. ఈ కథంతా వాటివల్లే జరిగింది.

మాఘమాసంలో గోధుమ రంగు పెట్ట పొదుగుకి వచ్చింది. ఎవరు దగ్గరికి వెళ్ళినా గుర్రుమంటూ, ఖాళీ నేల మీదే కూర్చునేది. ఈ పొట్టి పెట్టల గొప్పంతా ఇక్కడే ఉంది, ఒకసారి కూర్చుంటే లేవవు. అప్పాయే వచ్చి లెక్క చెప్పింది. సరిసంఖ్య పెట్టకూడదు, తొమ్మిది పెడితే దీని పొట్ట కింద పట్టవు, ఏడు పెట్టమంది. మా ఏడేళ్ళ అమ్మాయి తన చేత్తో ఏడు గుడ్లూ పెట్టింది. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. గుడ్లు తన బాధ్యత అనుకుంది.

గూట్లో ఏం పరవాలన్న దగ్గర నా తెలివి మొదలైంది. గడ్డిలో పేలు పడతాయని పుస్తకం భయపెట్టింది. శుభ్రంగా, పొడిగా, మెత్తగా ఉండేది ఏదైనా వేయవచ్చని కూడా రాసింది. మాకు పొయ్యిలోకి అప్పా తెచ్చి పడేసిన చెరుకు పిప్పి కట్ట ఉంది. ఎండకి కరకరలాడుతూ, తెల్లగా, మంచి వాసన వేస్తూ ఉంది. ఇంతకంటే శుభ్రమైనది ఏముంటుందని పాత వెదురు బుట్టలో దళసరిగా పరిచాను. మా ఊరి చుట్టూ బెల్లం వండే రోజులవి. ఏ ఇంటి పెరట్లో చూసినా పిప్పే. ఎవరూ దాన్ని కోడి కింద ఎందుకు వేయలేదో నేను ఆలోచించలేదు.

పద్దెనిమిదో రోజుకి పెట్ట చిక్కిపోయింది. చేత్తో పట్టుకుంటే రొమ్ము ఎముక తగిలింది. రోజుకి ఒక్కసారి దిగి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, మళ్ళీ పరుగున వచ్చి కూర్చునేది. పొదిగే ప్రతి పెట్టా అలాగే చిక్కుతుంది, పిల్లలు లేచాక పది రోజుల్లో మళ్ళీ ఒళ్ళు చేస్తుంది. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు. అప్పుడు నాకు కనిపించింది మాత్రం జ్వరం తగ్గిన మా అబ్బాయి పక్కటెముకలు. వాడికి పెట్టినట్టే దీనికీ బలానికి ఏదైనా పెట్టాలనిపించింది. కొత్త బెల్లం ఒక ముక్క నీళ్ళలో కరిగించి, చిన్న మట్టి మూకుడులో పోసి, బుట్టలోనే దాని ముక్కుకి అందేలా పెట్టాను. దిగి నడిచే శ్రమ కూడా ఉండదనుకున్నాను. అది తాగింది కూడా. మర్నాడూ పెట్టాను.

ఇరవయ్యో రోజు పొద్దున్న మా వారు పిల్లలిద్దరినీ తీసుకుని ఎలమంచిలిలో పెళ్ళికి వెళ్ళారు. రాత్రి బండికి తిరిగి వస్తారు. కోడిని వదలి రానని నేను ఉండిపోయాను. వెళ్ళే ముందు మా అమ్మాయి గుడ్ల దగ్గర చెవి పెట్టి విని, నా కొంగు పట్టుకుని చెప్పింది.

"అమ్మా, మేం వచ్చేదాకా వాటిని బయటికి రానివ్వకు. వచ్చేస్తే మాత్రం ఒక్కటి కూడా పోకూడదు."

పోనివ్వనని మాట ఇచ్చాను. అందుకే మూడు గంటల వేళ పెట్ట నిలబడి ఉండటం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది కోడి కాదు, ఆ మాట.

దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. మూకుడు ఒరిగి ఉంది. బెల్లం నీళ్ళు పిప్పిలోకి ఇంకిపోయాయి. గోడ పగులు నుంచి ఎర్రచీమల బారు దారంలా దిగి, బుట్ట అంచు ఎక్కి, లోపల పిప్పి అంతా పాకి ఉంది. పెట్ట కాళ్ళకి, పొట్ట కింద ఈకలు రాలి పల్చబడిన చోట, గుత్తులుగా పట్టాయి. ఒక గుడ్డు అప్పటికే చిట్లింది. పెసరగింజంత కన్నంలోంచి చిన్న ముక్కు కనిపిస్తోంది. ఆ కన్నం చుట్టూ చీమలు.

నేను చేసిన మొదటి పని పెట్టని ఎత్తడం. అది నా చెయ్యి పొడిచి, గోడెక్కి కూర్చుని, ఊరంతా వినేలా అరిచింది. పుంజు కూడా వచ్చి అరిచింది. నేను గుడ్లు కొంగులో వేసుకుని, ఒక్కొక్కటే ఊదుతూ, చీమలు చేతుల మీద కుడుతుంటే, ఏం చేయాలో తెలియక నడివాకిట్లో నిలబడ్డాను. పాల చెంబుతో అప్పా వచ్చేసరికి అలాగే ఉన్నాను.

ఆవిడ బుట్టలోకి చూసింది, మూకుడు చూసింది, వేలు పిప్పిలో ముంచి నాలుక్కి రాసుకుంది.

"కోడికి పానకం పెట్టేవేటి?"

పెట్టానన్నాను. చిక్కిపోతోందని పెట్టానన్నాను.

"పొదుగులో ఉన్న పెట్ట సిక్కకపోతే మరేటవుద్ది? పుస్తకంలో సీమల గురించి రాయలేదా?" అని, నా మొహం చూసి ఆగి, "ఏడవకు. గుడ్లు సల్లారనీకూడదు ముందు. తవుడుందా ఇంట్లో? బేగి తే," అంది.

బాణలిలో తవుడు వెచ్చబెట్టి చిన్న బుట్టలో పోశాం. అప్పా కోడి ఈకతో ఒక్కొక్క గుడ్డూ తుడిచి చీమలు దులిపింది. తవుడు ఎంత వెచ్చగా ఉండాలన్న దగ్గర మా ఇద్దరికీ తగాదా వచ్చింది. నేను పిల్లల జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి తవుడులో గుచ్చాను. ఆవిడ ఒక గుడ్డు తీసి నా కనురెప్పకి ఆనించింది. రెప్పకి వేడి తగలకూడదు, చల్లగానూ తోచకూడదు, ఏమీ తెలియకపోతే సరిగ్గా ఉన్నట్టు. నా రెప్పకి చురుక్కుమంది. థర్మామీటరు నూట అయిదు చూపించింది. తవుడు మీద విసనకర్రతో విసిరి, చల్లార్చి, థర్మామీటరు దులిపి మళ్ళీ చూశాం. ఈసారి రెప్పా, థర్మామీటరూ రెండూ సరిగ్గా ఉందనే చెప్పాయి. అప్పా థర్మామీటరు వంక కాస్త మర్యాదగా చూసింది. తవుడులో గుడ్లు కప్పుతుంటే ఒక దానిలోంచి సన్నగా కిచకిచ వినిపించింది. చెవి దగ్గర పెట్టుకుంటే గుడ్డు పిలుస్తున్నట్టే ఉంది. మొదటిసారి పెంచేవాళ్ళు ఆ చప్పుడు వింటే ఇక కోళ్ళని వదలలేరు.

తర్వాత పెట్ట సంగతి. గోడ మీంచి పట్టి దించి, అప్పా ఒళ్ళో పెట్టుకుని, జల్లించిన బూడిద గుప్పెళ్ళతో తీసి ఈకల వేళ్ళదాకా రుద్దింది. చీమలు రాలిపడుతుంటే నేను తొక్కాను. పిప్పి అంతా తీసుకెళ్ళి సందు చివర పోసి నిప్పంటించాను. ఇన్నాళ్ళూ నేను శుభ్రమనుకున్నది భగ్గున మండింది.

కొత్త గూడు విషయంలో నేను మళ్ళీ తెలివి చూపించబోయాను. మా వంటింట్లో జాలీ బీరువా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టడం అలవాటు, చీమలు ఎక్కకుండా. అలాగే ఎత్తు పీట తెచ్చి, నాలుగు కాళ్ళూ నాలుగు కొబ్బరిచిప్పల నీళ్ళలో పెట్టి, పైన వరిగడ్డితో కొత్త బుట్ట, అందులో గుడ్లు ఉంచాను. చూడటానికి ఎంతో బాగుంది. పెట్టని తెచ్చి కూర్చోబెడితే అది దూకి కిందికి దిగి, ఖాళీ అయిన పాత మూలకి నడిచి, వట్టి నేల మీద రెక్కలు పరిచి కూర్చుంది. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ దిగింది. నాలుగోసారి నేను ఏడ్చినంత పని చేశాను. పొద్దు వాలుతోంది. తీసి మళ్ళీ తవుడులో పెట్టిన గుడ్లు చల్లారుతున్నాయి.

అప్పా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"దానికి గుడ్లు గేపకం నేదు, సోటు గేపకం. ఇరవై రోజులు ఆ మూలే కూకుంది. నువ్వు మేడ కట్టినా ఎక్కదు," అంది.

నిజమే. నేను పీట తీసేశాను. అప్పా మూలంతా తుడిచి, గోడ పగులుని మట్టితో మెత్తి, పిడకల బూడిదలో పసుపు కలిపి బెత్తెడు వెడల్పున చుట్టూ గట్టులా పోసింది. మధ్యలో బూడిద మీద గడ్డి పరిచి బుట్ట పెట్టింది. చీమ మెత్తటి బూడిద ఎక్కలేదు, జారుతుంది. నీళ్ళు పెడితే రేపు పిల్లలు దిగి అందులో పడి చస్తాయని కూడా చెప్పింది. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. పిల్లలు లేచాక నీళ్ళ మూకుడులో కూడా గులకరాళ్ళు వేసి, వాటి సందుల్లో మాత్రమే ముక్కు ముంచేలా చేయాలి.

దీపం పెట్టే వేళకి మూల చీకటైంది. అప్పుడు పెట్ట తనంతట తానే నడిచి వచ్చి, బుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి దిగింది. నేను తవుడులోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి దాని రొమ్ము కిందికి జరిపాను. ప్రతి దాన్నీ ముక్కు కింది భాగంతో లాక్కుంది. ఏడోది లాక్కున్నాక ఒళ్ళంతా విదిల్చి, వెడల్పుగా కూర్చుని, నన్ను చూసి గుర్రుమంది. నన్ను ఎవరైనా అంత ప్రేమగా తిట్టిన గుర్తు లేదు.

"ఇంక నువ్వు సూడకు. పదే పదే ఎత్తి సూసేవంటే నిన్ను కూడా గంప కింద మూసీసి రాయెట్టేత్తాను," అని చెప్పి అప్పా పాలు పోసి వెళ్ళింది. పాలు అప్పటికి పులియడానికి సిద్ధంగా ఉన్నాయి.

రాత్రి బండికి మా వారు వచ్చారు. పిల్లలిద్దరూ జట్కాలోనే నిద్రపోయారు. పడుకోబెట్టాక జరిగిందంతా చెప్పాను. ఆయన విని, ఏదైనా పోతే గద్ద ఎత్తుకుపోయిందని చెప్పు, ఆ వయసులో అంతకంటే ఎందుకు అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. నాకూ ఆ మాట తేలికగా తోచింది. ఆ రాత్రంతా ఆ గద్దని తయారు చేసుకుంటూనే పడుకున్నాను. ఏ వైపు నుంచి వచ్చింది, ఎంత పెద్దది, నేను ఎలా అదిలించాను, అన్నీ.

తెల్లవారుతుండగా వెళ్ళి చూశాను. పెట్ట రెక్క కింద నుంచి ఒక పసుపు ముద్ద, దాని వెనక మరొకటి. మెల్లగా చెయ్యి పెట్టి లెక్క చూశాను, చేతిని నాలుగుసార్లు పొడిచింది. అయిదు. నా బొటనవేలంత పిల్లలు, ఆరిపోయి బూరులా మెత్తగా ఉన్నాయి. ఒక గుడ్డు బరువుగా, చల్లగా ఉంది, దానిలో ఏమీ ఏర్పడలేదు. ఇంకొకటి నిన్న ముక్కు కనిపించిన గుడ్డు. కన్నం నిన్నటి కంటే పెద్దది కాలేదు, లోపలి ముక్కు కదలడం లేదు.

దాన్ని చింకి గుడ్డలో చుట్టి మునగచెట్టు మొదట్లో గొయ్యి తీస్తుంటే పొద్దుటి పాలతో అప్పా వచ్చింది. ఆవిడా దాచమనే అంది. పిల్లలు లేవకముందే పూడ్చీ, ఆరే పెట్టేమని సెప్పీ అంది. ఆరు కాదు ఏడని మా అమ్మాయికి తెలుసన్నాను.

"అయితే గద్దెత్తుకుపోనాదని సెప్పీ," అంది.

ఊళ్ళో అందరికీ ఒకటే గద్ద.

గద్ద అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మాయి రోజూ గొడుగు వేసుకుని పెరట్లో కాపలా కాస్తుంది. ఆకాశం వంక చూసి భయపడుతుంది. నేను ప్రతి జ్వరానికీ, ప్రతి దగ్గుకీ భయపడే మనిషిని, నా పిల్లలకి లేని భయం ఒకటి నా చేత్తో నేర్పాలా? పైగా రేపు తన కోడికి తనే బెల్లం నీళ్ళు పెడితే? అది నా దగ్గర చూసి నేర్చుకున్నదే అవుతుంది. గొయ్యి అలాగే వదిలేసి, గుడ్డ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

ఇద్దరూ అప్పటికే లేచి చాప మీద కూర్చున్నారు. నేను వాళ్ళెదుట కూర్చుని చెప్పాను.

"అయిదు పిల్లలు వచ్చాయి. రెండు రాలేదు. ఒకదానిలో మొదటినుంచీ ఏమీ లేదు, దానికి ఎవరూ చేసేదేమీ లేదు. ఇంకొకటి మాత్రం నా వల్ల పోయింది. కోడి చిక్కిపోయిందని భయపడి నేను బెల్లం నీళ్ళు పెట్టాను, చీమలు పట్టాయి. నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను. పోయినదాన్ని మనం ముగ్గురం కలిసి మునగచెట్టు కింద పెడదాం. తర్వాత మిగతావాటిని చూద్దురుగాని. చెయ్యి పెట్టకండి, పొడుస్తుంది. నూకలు కూడా పట్టుకురాకండి. గుడ్డులోని సొన ఇంకా వాటి కడుపులో ఉంటుంది, ఇవాళంతా వాటికి ఏమీ పెట్టక్కర్లేదు. ఆకలి వేస్తే వాళ్ళమ్మే బయటికి తీసుకొస్తుంది."